పది అణాల ఒళ్ళు: మలేరియా, పేగు జబ్బుల పరిశోధనని చదవడం

ఒక కథ చేతికొస్తే దాన్ని చెబుతున్నదెవరు, ఎవరి గురించి చెబుతున్నారు, అందులో నోరున్నదెవరికి, నోరు లేనిదెవరికి అని అడగడం మనం నేర్చుకున్నాం. దళిత విమర్శ ఈ ప్రశ్నల్ని తెలుగు సాహిత్యం మీద ఎక్కుపెట్టినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో తెలిసిందే. అవే ప్రశ్నల్ని వైద్య పరిశోధన రాతల మీదికి మాత్రం మనం పెద్దగా తీసుకుపోలేదు. అది సైన్సు గదా, దానికి కులమేంది, పక్షమేంది అనే భయభక్తులు మనలోనూ ఉన్నాయి. కానీ పరిశోధనా పత్రం కూడా రాతే. అందులోనూ కర్త ఉంటాడు, కర్మ ఉంటుంది. ఎవరి పేరు పైన అచ్చవుతుందో, ఎవరు 'సబ్జెక్టు' అనే ఒక్క మాటలోకి కుదించబడతారో చూస్తే చాలు, చదవడం మొదలైనట్టే.

ఈ చదువుకి ఎర్రుపాలెం మంచి చోటు. విజయవాడ, కాజీపేట రైలు దారిలో ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున ఉన్న మండలం ఇది. మధిర పక్కనే, పాత కృష్ణా జిల్లాని ఆనుకొని ఉంటుంది. ఒక పక్క సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండే మైదానం, ఇంకో పక్క జిల్లా దాటి పోతే భద్రాచలం అడవి. ఈ రెంటినీ కలిపేది కూలి. మిరప కోతలకి భద్రాచలం ఏజెన్సీ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసీలు ఖమ్మం మైదానాలకి దిగుతారు. చేల పక్కన గుడిసెలేసుకుంటారు. వాళ్ళ పక్కనే మాల మాదిగ వాడల కూలీలు అదే మిరప కోస్తారు. చలిజ్వరం వీళ్ళతో పాటు ప్రయాణం చేస్తుంది. ఆరోగ్య శాఖ లెక్కల్లో మాత్రం మలేరియా ఒక 'ప్రాంతం'. మనిషి నడుస్తాడు, లెక్క నడవదు. కాబట్టి అడవికీ పల్లానికీ మధ్య తిరిగే కూలి ఏ గడిలోనూ సరిగ్గా కూర్చోడు.

సికింద్రాబాదు పాఠం

మలేరియా పరిశోధనకి మూల పాఠం మన నేల మీదే రాయబడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఆడ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి దశని చూశాడు. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరుతో సంస్థ ఉంది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

ఆ దోమ కడుపులో ఉన్న నెత్తురు హుస్సేన్ ఖాన్ అనే రోగిది. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఆయనకి ముట్టింది. పది దోమలకి పది అణాలు. అంతకు రెండేళ్ళ ముందు, 1895లో, రాస్ ఇంకో పని చేశాడు. దోమలు నీళ్ళలో చచ్చి, ఆ నీళ్ళు మనుషులు తాగితే జ్వరం వస్తుందని ఆయన గురువు పాట్రిక్ మాన్సన్ అనుకునేవాడు. దాన్ని తేల్చడానికి రాస్ కొందరు మనుషులకి డబ్బులిచ్చి దోమలు చచ్చిన నీళ్ళు తాగించాడు. ఆ సిద్ధాంతం తప్పని తర్వాత తేలింది. తప్పు సిద్ధాంతాన్ని తేల్చుకునే చోటు మాత్రం కూలివాడి కడుపైంది.

1923లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో రాస్ వీటిని దాచలేదు. దాచాల్సిన సంగతిగా ఆయనకి అనిపించలేదు కాబట్టే రాశాడు. విమర్శకుడు ఆగి చూడాల్సింది ఇక్కడే. రాత నిజాయితీగా ఉంది. ఆ నిజాయితీ వెనక, ఈ మనుషుల్ని అడగాల్సిన పనిలేదనే ధీమా ఉంది. డబ్బు ముట్టింది గాబట్టి అన్యాయం లేదు అనే తర్కం అప్పటిదే. దాన్ని మనం ఇవాళ్టికీ వింటున్నాం. వెట్టికీ కూలికీ తేడా ఉన్నట్టే కూలికీ ఒప్పుదలకీ తేడా ఉంది. అణా తీసుకున్నవాడు ఏం జరుగుతుందో తెలిసి తీసుకున్నాడా, వద్దంటే బతకగలిగేవాడా అన్నవి అణా జవాబు చెప్పలేని ప్రశ్నలు.

జైలు గోడల మధ్య పుట్టిన మందు

రెండో పాఠం అమెరికాది. అయితే అది మన ఉపకేంద్రంలో ఇచ్చే గోలీ లోపల ఉంది. వైవాక్స్ మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని మళ్ళీ మళ్ళీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపే మందు ప్రిమాక్విన్. మన దగ్గర పద్నాలుగు రోజులు మింగమంటారు. ఈ మందు మీద పెద్ద ఎత్తున పరీక్షలు జరిగింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైల్లో. 1940ల నుంచి అక్కడి ఖైదీలకి కావాలని మలేరియా ఎక్కించి మందులు పరీక్షించారు. న్యూరెంబర్గ్‌లో నాజీ వైద్యుల తరఫు లాయర్లు, మీ జైళ్ళలో మీరు చేసిందేంటి అని ఎత్తిచూపింది ఈ ప్రయోగాల్నే.

అక్కడ ప్రిమాక్విన్ పడగానే కొందరు నల్లజాతి ఖైదీల ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి. ఎందుకని వెతికితే జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉండడమే కారణమని 1956లో తేలింది. వైద్యశాస్త్రానికి అది గొప్ప తెలివిడి. ఆ తెలివిడి ఖైదీలో, అందులోనూ నల్ల ఖైదీలో నలిగిన నెత్తురు నుంచి వచ్చింది.

ఇప్పుడు దీన్ని మన అడవి అంచుకి తీసుకొద్దాం. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్ల జి6పిడి లోపం, సికిల్ సెల్ లాంటివి ఎక్కువగా కనపడతాయి. జ్వరంతో వేల ఏళ్ళు సహవాసం చేసిన ఒంటి గుర్తులవి. నీలగిరి తెగల్లో సికిల్ సెల్ ఉన్నట్టు 1952లోనే లేమన్, కట్‌బుష్ రాశారు. మధ్య భారత ఆదివాసీల్లో అది విస్తారంగా ఉందని ఆ తర్వాత తెలిసింది. కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రకటించింది మాత్రం 2023లో. అంటే తెలియడానికీ కదలడానికీ మధ్య డెబ్భై ఏళ్ళు. తెలిసిన సంగతి ఎవరి నెత్తురు గురించి అన్న దాన్నిబట్టే ఈ జాప్యాన్ని అర్థం చేసుకోవాలి.

ప్రిమాక్విన్ ఇచ్చే ముందు జి6పిడి పరీక్ష పల్లె దాకా రాలేదు. మూత్రం నల్లగా వస్తే మందు ఆపమనే జాగ్రత్తతో ఇచ్చుకుంటూ పోయారు. దానర్థం ఏంది? పరీక్ష చేసేది ప్రయోగశాల గాదు, కూలోడి మూత్రం. పైగా మిరప కోతకొచ్చిన మనిషి మూడో రోజుకే ఇంకో ఊరికి పోతాడు. నల్లమూత్రం చూసి ఆపమని చెప్పేదెవరు?

కొత్త మందు టాఫెనోక్విన్ సంగతి ఇంకా పదునుగా ఉంది. 2018లో అమెరికా అనుమతించింది. పద్నాలుగు రోజుల గోలీలకి బదులు ఒక్క మోతాదు చాలు. వలస కూలికి ఇంతకంటే కావలసిందేముంది అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ ఒక్క మోతాదు ఒంట్లో వారాల తరబడి ఉంటుంది. ప్రిమాక్విన్ అయితే తేడా వస్తే ఆపొచ్చు. దీన్ని మింగాక ఆపడానికి ఏమీ ఉండదు. అందుకే ఇచ్చే ముందు జి6పిడి ఎంతుందో కొలిచి తీరాలని షరతు పెట్టారు. ఉందా లేదా చూస్తే సరిపోదు, ఎంతుందో లెక్కగా తెలియాలి. ముఖ్యంగా ఆడవాళ్ళలో ఈ లోపం సగం సగంగా ఉండి మామూలు పరీక్షకి దొరక్కుండా పోవచ్చు. కాబట్టి మందు కొత్తదా పాతదా అనేది రెండో ప్రశ్న. ఆ మందుతో పాటు కొలిచే పరికరం ఏ ఊరిదాకా వస్తుందనేది మొదటి ప్రశ్న. మందుని పొగిడే రాతలు మొదటి ప్రశ్నని చివరి పేరాకి నెట్టేస్తాయి.

పేగు ఎక్కడ మొదలవుతుంది?

ఇక కడుపు జబ్బులు. ఇందులో తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకునే పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టాడు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూతో పోయారు. పేగు లోపలి పొర పాడై తిన్నది ఒంటికి పట్టకుండా పోయే జబ్బది. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, అది స్ప్రూకి మందయింది. ఆయన ప్రతిభని తక్కువ చేయాల్సిన అవసరం మనకి లేదు. అయితే ఈ కథని మనకి చెప్పే తీరులో జబ్బు ఒక ఇంటి విషాదంగా, మందు ఒక మేధావి విజయంగా మిగులుతుంది. అదే జబ్బుతో అదే రోజుల్లో వాడల్లో పోయినవాళ్ళకి చరిత్రకారుడు దొరకలేదు.

పేగు ఎక్కడ మొదలవుతుంది అని డాక్టరుని అడిగితే కడుపు కింద అంటాడు. వాడలో అడిగితే బాయికాడ మొదలవుతుందంటారు. ఎవరి బాయి, ఎవరు తోడాలి, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలి, ఊరి మురుగు ఏ వైపు పారుతుంది? వాంతులు, విరేచనాల భూగోళం ఇది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగింది హక్కు కోసం. దాన్ని ప్రజారోగ్య చరిత్రలో కూడా రాసుకోవాలి. అంటరానివాళ్ళు తాగితే చెరువు మైలపడిందని సవర్ణులు దాన్ని 'శుద్ధి' చేసింది ఆవు పేడ, పంచితాలు కలిపి. తాగే నీళ్ళలో పేడ కలిపితే శుద్ధి, మనిషి దోసిలి పెడితే మైల! కులం దృష్టిలో శుభ్రతకీ వైద్యం దృష్టిలో శుభ్రతకీ ఎంత దూరమో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు రోటావాక్ చూద్దాం. పసిపిల్లల విరేచనాలకి కారణమయ్యే రోటా వైరస్‌కి హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా ఇది. దాని మూలమైన 116ఇ రకాన్ని 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసికందుల నుంచి తీశారు. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో 6,799 మంది పసిపిల్లల మీద పరీక్షించారు. ఇద్దరికి టీకా పడితే ఒకరికి ఉత్తుత్తి మందు పడింది. అప్పటికే పనిచేసే వేరే టీకాలు బజార్లో దొరుకుతుండగా వేలమంది పిల్లలకి ఉత్తుత్తి మందు ఇవ్వడం సబబా అనే చర్చ జరిగింది. తీవ్రమైన జబ్బుని మొదటి ఏడు దాదాపు 56 శాతం ఆపింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో సర్కారు టీకాల్లో చేరింది. చవకైన టీకా పేద పిల్లలకి అందడం మంచి సంగతి. కాదనేవాడు మన పిల్లల చావుల్ని చూడనివాడు. అయినా అడగాల్సింది ఉంది. బజార్లో టీకా కొనలేని ఇంటి పిల్లలే గదా ఇట్లాంటి పరీక్షలకి దొరికేది? కొనగలిగిన ఇంటి బిడ్డ ఉత్తుత్తి మందు వరసలో నిలబడేదా?

పోల్చడానికి ఇంకోటి. అదే కంపెనీ టైఫాయిడ్ టీకాని ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించారు, 2017లో ఫలితాలు వచ్చాయి. అక్కడ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు తెలిసి, ఒప్పుకుని, టైఫాయిడ్ క్రిమిని తాగారు. కనిపెట్టుకుని డాక్టర్లున్నారు. క్రిమిని తాగించడం 1895లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారిందల్లా తాగేవాడి హోదా. వద్దని లేచిపోయే హక్కు ఉన్నవాడు తాగితే అది ప్రయోగం, లేనివాడు తాగితే అది వాడకం.

ఖమ్మంలో వేలిముద్రలు

ఈ తేడా ఎంత దగ్గరిదో ఖమ్మం జిల్లాకి తెలుసు. మలేరియా మందు కాదు, పేగు మందు కాదు, గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి, సుమారు 14 వేలమందికి, ఆ టీకా మొదలుపెట్టాయి. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ళ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయిన వార్తలతో, మహిళా సంఘాల ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చావులకి టీకా కారణం కాకపోవచ్చని ప్రభుత్వ విచారణ అంది.

పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదిక మనం తప్పక చదవాల్సిన పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఒప్పుదల పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నల పేరున వార్డెన్! ఎస్సీ, ఎస్టీ హాస్టల్ మన పిల్లలకి చదువుకునే దారి. ఆ దారినే ఒంటి మీద సర్కారు హక్కుగా మార్చేశారు. ఇంకో మాట కూడా గమనించాలి. దీన్ని 'ట్రయల్' అనలేదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. ట్రయల్ అంటే చట్టాలున్నాయి, పరిహారం ఉంది. పేరు మారిస్తే అవి దాటిపోతాయి. సంఘం ఈ పేరు మార్పుని ఒప్పుకోలేదు. భాషని పట్టుకుని అధికారాన్ని చదవడం విమర్శకుల పనే అయితే ఈ ఒక్క పదం మీద ఎన్ని వ్యాసాలు రావాల్సింది?

సైన్సుకి వ్యతిరేకమా?

ఈ మాటలు విని కొందరు మిత్రులు మీరు టీకాల్నే వద్దంటారా అని అడుగుతారు. దానికి జవాబు సూటిగానే చెప్పాలి. మాకు మందు కావాలి, మంచి మందు కావాలి, అందరికన్నా ముందు కావాలి. 1976లో దేశంలో మలేరియా కేసులు 64 లక్షలకి ఎక్కినప్పుడు పడిపోయింది ఎవరి ఒళ్ళో మనకి తెలుసు. చైనాలో తూ యూయూ 1970లలో మాచిపత్రి జాతి మొక్క నుంచి తీసిన ఆర్టెమిసినిన్ లేకపోతే ఇవాళ ఫాల్సిపరం జ్వరానికి దిక్కు లేదు. పసరు మందు అని మూలపడేసిన తెలివిని, ప్రయోగశాలని కలిపితే ఏం జరుగుతుందో ఆమె చూపింది. పరిశోధన ఆగిపోతే నష్టపోయేది మనమే. మనం అడుగుతున్నది పరిశోధనలో మన చోటు.

ఆ చోటు అంటే ఏందో తేటగా చెప్పుకోవాలి. ఒకటి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎస్సీ, ఎస్టీ అని లెక్క తీస్తుంది. మందుల ట్రయళ్ళలో ఆ గడి అరుదు. ఎవరి మీద పరీక్షించారో కులం, తెగతో సహా చెప్పాలి. రెండు, కాలేయంలో దాగిన క్రిమిని చంపే ఏ మందైనా జి6పిడి పరీక్ష ఉపకేంద్రం దాకా వచ్చాకే రావాలి. మూడు, 2019 క్లినికల్ ట్రయల్ నియమాలు బలహీన వర్గాల ఒప్పుదలని కొత్త మందుల ట్రయళ్ళలో రికార్డు చేయమంటున్నాయి. ఆ రికార్డు కోయ మాట్లాడే తల్లి దగ్గర కోయలో ఉండాలి. హాస్టల్ వార్డెన్ సంతకం ఎక్కడా చెల్లకూడదు. నాలుగు, షెడ్యూల్డ్ ప్రాంతంలో 1996 పీసా చట్టం గ్రామసభకి ఇచ్చిన బలాన్ని పరిశోధనలకీ వర్తింపజేయాలి. అయిదు, పేగు జబ్బుల మీద పెట్టే ప్రతి రూపాయి పక్కన వాడకి మంచినీళ్ళ మీద పెట్టే రూపాయిని కూడా చూపించాలి.

వీటిలో ఏదీ ప్రయోగశాల చేయలేనిది కాదు. మన విద్యార్థులు మెడికల్ కాలేజీల్లో, ఫార్మసీ కాలేజీల్లో వేల సంఖ్యలో ఉన్నారు. పరిశోధనా పత్రం చదివేటప్పుడు ఫలితాల పట్టిక కంటే ముందు పద్ధతుల పేజీ చదవండి. ఎవర్ని ఎక్కడి నుంచి తెచ్చారు, ఎవరు సంతకం పెట్టారు, తర్వాత వాళ్ళకి మందు దొరికిందా అని రాసి పెట్టుకోండి. హుస్సేన్ ఖాన్ లెక్క పది అణాలతో తీరిపోయిందని రాస్ అనుకున్నాడు. ఆ లెక్క ఇంకా తేలలేదని తేల్చాల్సింది మనమే.