బాగుచేయొచ్చు సరే, పారేసేదెట్లా?

మా మేనల్లుడిది బెంగళూరులో ఉద్యోగం. ఇంట్లో గోడంత టీవీ ఉండగానే పోయిన వారం పాతసామాన్ల కొట్లోంచి 21 అంగుళాల పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి మోసుకొచ్చాడు. చిన్నప్పటి వీడియో గేములు ఆడుకోవడానికట. "కొత్తదాంట్లో బటన్ నొక్కాక బొమ్మ ఎగరడానికి కాస్త టైం పడుతుంది మామయ్యా. ఇందులో నొక్కీ నొక్కగానే ఎగురుతుంది" అన్నాడు ఫోన్లో. నాకు ప్రాణం లేచొచ్చింది.

వాడన్నది నిజం. కొత్త టీవీ వచ్చిన బొమ్మను లోపల పెట్టుకుని, సరిదిద్ది, ఆ తర్వాత చూపిస్తుంది. పిక్చర్ ట్యూబులో ఆ ఆలస్యం లేదు. సిగ్నల్ వస్తున్నకొద్దీ ఎలక్ట్రాన్ల పుంజం తెరను గీసుకుంటూ పోతుంది. మన పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. పుంజం తగిలిన చోట ఫాస్ఫర్ పూత మెరిసి, వెంటనే ఆరిపోతుంది. అందుకే పరుగెత్తే బంతి అలుక్కుపోదు. పుంజం పడని చోట నలుపు నిజంగా నలుపే. గోడవారగా కూర్చున్నవాళ్లకీ రంగు మారదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలిసిందే: విప్పి బాగుచేసుకోగలిగిందే మంచి వస్తువు. ఆ పాట నాకు నేర్పింది మా ఊరి టీవీ మెకానిక్కే. 1975లో ఉపగ్రహ ప్రసారాల కోసం పల్లెలకు వచ్చిన ఈసీఐఎల్ సెట్ల మీద పని నేర్చుకున్నాడాయన. 1987లో ఓ ఆదివారం, సరిగ్గా రామాయణం వేళకు, మా తెర మధ్య అడ్డంగా ఒక్క తెల్లగీత మిగిలింది. మాటలు మాత్రం వినబడుతున్నాయి. ఆయన గుమ్మంలోంచే చూసి "వర్టికల్ పోయింది" అన్నాడు. మాట వస్తూ తెర చీకటిగా ఉంటే ఈహెచ్‌టీ, అంటే ట్యూబుకు అందే హైవోల్టేజి, చూసేవాడు. కలర్ సెట్టులో బొమ్మంతా ఒక రంగుకు తిరిగితే గన్ను వీకైందనేవాడు.

వెనక డబ్బా విప్పి, తెర ఎదురుగా నన్ను అద్దం పట్టుకుని నిలబడమనేవాడు. తను వెనకే ఉండి, అద్దంలో బొమ్మ చూసుకుంటూ కుడిచేత్తో సరిచేసేవాడు. ఎడమ చెయ్యి ఎప్పుడూ వీపు వెనకే. ట్యూబు ముట్టుకోవాల్సి వస్తే ముందు ప్లగ్గు పీకేవాడు. చాసిస్‌కు కట్టిన వైరు రెండో కొసను స్క్రూడ్రైవర్‌కు చుట్టి, ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి దూర్చేవాడు. టప్పుమనేది. "ప్లగ్గు పీకినా లోపల కరెంటు ఉంటదిరా అబ్బాయ్" అనేవాడు. కలర్ సెట్టులో అది 25 వేల వోల్టుల దాకా ఉంటుంది.

నా ఆలోచన మలుపు తిరిగింది ఆ 25 వేల వోల్టుల దగ్గరే. ఎలక్ట్రాన్లు అంత వేగంతో వెళ్లి ఢీకొంటే ఎక్స్‌రేలు పుడతాయి. అవి ఇంట్లోవాళ్లకు తగలకుండా అడ్డుకోవడానికే కలర్ ట్యూబు వెనకభాగం గాజులో ఐదో వంతుకు పైగా సీసం ఆక్సైడ్ కలిపేవారు. ఇద్దరు పట్టినా నడుం పట్టేసే ఆ బరువులో సీసం వాటా కూడా ఉంది. సెట్టు ఆడినన్నాళ్లూ ఆ సీసం మనల్ని కాపాడింది. మెడ దగ్గరి కాయిల్‌లో ఉన్న రాగి కోసం తుక్కు కొట్లో ట్యూబు పగలగొట్టినప్పుడు, ఆ దుమ్ము పీల్చేది పగలగొట్టే కుర్రాడు. మిగిలిన పెంకులు కాలవ గట్టున పడతాయి. ఒకప్పుడు ఆ గాజును కరిగించి కొత్త ట్యూబుల్లో వాడేవారు. కొత్త ట్యూబులు చేయడమే మానేశాక దాన్ని అడిగేవాళ్లు లేరు.

బాగుచేయగలగడం వస్తువు బతికున్నప్పటి మంచి. పోయాక అది ఎవరి నెత్తిన పడుతుందన్నది కూడా అంతే ముఖ్యమని ఇప్పుడు నా పాటకు ఇంకో చరణం కలుపుతున్నాను. బొమ్మ విషయంలో ఈనాటికీ నా ఓటు పిక్చర్ ట్యూబుకే. కానీ దాని తయారీ ఆగిపోవడమే మంచిదైంది.

మీ అటక మీద పాత సెట్టు ఉంటే, ఆడేదైతే ఆడించుకోండి. ఆడకపోతే తూకానికి మాత్రం వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు అమల్లో ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్లు ఉన్నారు. ట్యూబు పగలకుండా, సెట్టును సెట్టుగానే వాళ్లకు అప్పగించండి.