కండలవీరుల ఊళ్లో సాగదీత

చలికాలం పొద్దున్నే కలకత్తా రవీంద్ర సరోవర్ చుట్టూ నడిచేవాళ్లను చూడాలి. మంకీ క్యాప్ తీయకుండానే ఒక కాలు బెంచీ మీద పెట్టి, నాలుగుసార్లు గబగబా ఊగి, పాదం అందిందనిపించుకుని, మట్టి కప్పులో టీ కోసం బయల్దేరతారు. నాకు ఆ ఊగుడే నచ్చదు.

కండ ఎంత వేగంగా సాగుతోందో కనిపెట్టే సన్నని తంతువులు కండలోనే ఉంటాయి. ఒక్కసారిగా లాగితే అవి వెన్నుపాముకు కబురు పంపుతాయి, కండ వెంటనే బిగుసుకుంటుంది. మెల్లగా వంగి 20, 30 సెకన్లు అక్కడే ఆగితే ఆ గోల సద్దుమణుగుతుంది. కొన్ని వారాల సాధనతో చేతులు పాదాలను అందుకుంటున్నాయంటే కండ పొడుగు పెరిగిందని కాదు. చాలావరకు, ఆ లాగుడును ఓర్చుకోవడం ఒంటికి అలవాటైందన్నమాట.

ఈ ఊళ్లో సాగదీతను ఆసనాల విద్యగా పెంచింది సన్యాసులు కాదు, కండలవీరులు. యోగి పరమహంస యోగానంద తమ్ముడు విష్ణుచరణ్ ఘోష్ 1923లో ఇక్కడ వ్యాయామ కళాశాల పెట్టాడు. 1930లో శిష్యుడితో కలిసి కండల అదుపు మీద పుస్తకం వేశాడు. పొట్ట కండరాలను విడివిడిగా కదిలించడం ఆ విద్యలో ఒక ముచ్చట. అది చేయాలంటే ఒక కండను బిగించి పక్కదాన్ని వదిలేయాలి. ఆ వదలడమే కష్టం. ఆయన శిష్యురాలు రేబా రక్షిత్ సర్కస్‌లో ఛాతీ మీద ఏనుగును నడిపించుకునేది. అలాగే ఏనుగును మోసిన మన కోడి రామమూర్తి గుర్తొస్తాడు కదూ! బిక్రమ్ చౌదరి కూడా ఆ చెట్టు కొమ్మే. కలకత్తా మే నెల ఉక్కపోతను గదిలో బంధించి, 26 ఆసనాలు కలిపి, అమెరికా వాళ్లకు డాలర్లకు అమ్మాడు. నన్నడిగితే ఘోష్ బడిలో గొప్ప సంగతి ఆ వేడి కాదు, ఆసనానికీ ఆసనానికీ మధ్య వేసే శవాసనం.

నేను రోజూ చేసేది చాలా చిన్న పని. నడిచొచ్చాక, ఒళ్లు వేడిగా ఉండగానే, వెల్లకిలా పడుకుని ఎర్రగళ్ల గామ్‌ఛా తువ్వాలును అరికాలికి తగిలించి కాలు పైకెత్తుతాను. తొడ వెనక లాగుడు మొదలవగానే ఆగుతాను. అప్పుడు చూసుకుంటే లాగుతున్నది కాలిని, బిగపట్టింది మాత్రం పళ్లను! దవడ వదిలి, ఊపిరి నెమ్మదిగా విడిస్తే మోకాలు ఇంకాస్త తిన్నగా అవుతుంది. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు నేలమీద కూర్చుని లేవడం, వంగి చెప్పుల పట్టీ పెట్టుకోవడం, కదిలే బస్సు మెట్టెక్కడం తేలికవడం కంటే ఏం కావాలి?

అలాగని దీన్ని సర్వరోగ నివారిణి చేయక్కర్లేదు. కొత్త వ్యాయామం మర్నాడు పట్టే ఒళ్లునొప్పులను ఇది పెద్దగా తగ్గించదు. బరువులెత్తబోయే ముందు ఒకే కండను నిమిషానికి మించి సాగదీస్తే సత్తువ కాస్త తగ్గుతుంది కూడా. తొడ వెనక లాగుడు మామూలుగా కండదే. తిమ్మిరో, మంటో పిక్క దాటి పాదం దాకా పాకితే మాత్రం అనుమానించాల్సింది నరాన్ని. అప్పుడు గామ్‌ఛా పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.