సిరంజి మీద పదిహేడో గీత

మందు పెట్టెల్లో మడతపెట్టి ఉండే కాగితాన్ని సాధారణంగా ఎవరూ చదవరు. సీసా బయటికి తీశాక అది పెట్టెతో సహా చెత్తబుట్టలోకి పోతుంది. నేను మాత్రం అలాంటి కాగితం ఒకదాన్ని మంచి కథ చదివినంత ఇష్టంగా చదివాను. యూరప్‌లో మెటాకామ్ అనే నొప్పి మందు అమ్ముతారు. అందులో ఉండే మందు మెలాక్సికామ్. ఆ మందులో ఒక రకం సీసా మీద "పిల్లులకూ, గినీ పిగ్‌లకూ" అని స్పష్టంగా రాసి ఉంటుంది. దాని కాగితంలో గినీ పిగ్ గురించి ఉన్నవి కొద్దిపాటి వాక్యాలే. కిలోకి అటూ ఇటూగా తూగే ప్రాణికి, బాధను బయటపెట్టని ప్రాణికి, ఎంత మందు, దేనితో కొలిచి, ఎలా పట్టాలో ఆ కాస్త చోటులోనే చెప్పారు. రాసినవాళ్ళు ఎవరో పేరు ఉండదు. వాళ్ళ పనితనం మాత్రం ప్రతి అంకెలోనూ కనిపిస్తుంది.

ఆ పనితనం విలువ తెలియాలంటే ముందు ఆ జంతువు సంగతి తెలియాలి. గినీ పిగ్ ఆండీస్ కొండల ప్రాంతానిది. పెరూలో ఈనాటికీ దాన్ని మాంసం కోసం పెంచుతారు. గద్దకీ నక్కకీ మనిషికీ కూడా ఆహారమైన జంతువు కాబట్టి, నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చింది. కుంటుతూ కనిపించినదాన్నే వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది. అందుకే మనిషి దగ్గరికి రాగానే గినీ పిగ్ కదలకుండా బిగుసుకుపోతుంది. ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరు ముందు బల్ల మీద పెడితే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. గది ఖాళీ చేసి కెమెరా పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: వీపు గుండ్రంగా వంచి మూల చేరడం, రోమాలు రేగి ఉండడం, కళ్ళు సగం మూతపడడం, ఎండుగడ్డి దాకా వెళ్ళి వాసన చూసి తినకుండా వెనక్కి రావడం.

ఈ చివరిదే ప్రాణం మీదికి తెచ్చేది. గినీ పిగ్ పేగు ఆగకుండా నడవాలి. గడ్డి తింటూ ఉంటేనే పెద్దపేగు మొదట్లో ఉన్న సంచిలో సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, పెంటికలు పడుతూ ఉంటాయి. నొప్పి వల్ల తిండి మానేస్తే ఆ పేగు నెమ్మదిస్తుంది, గ్యాస్ పట్టేస్తుంది, దానితో నొప్పి ఇంకా పెరుగుతుంది. ఎదుగుతూనే ఉండే పళ్ళకి కూడా గడ్డి నమిలితేనే అరుగుదల. కాబట్టి దీనికి నొప్పి మందు అంటే ఊరట మాత్రమే అనుకోకూడదు. అది పేగుని నడిపించే మందు కూడా. తక్కువైతే తిండి మానేస్తుంది. ఎక్కువైతే మెలాక్సికామ్ లాంటి మందు పొట్ట లోపలి పొరనీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తుంది. పైగా గినీ పిగ్ వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది లోపలే ఉంటుంది.

మనిషి డోసుని బరువు లెక్కన భాగించి ఇస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. దీనికి జవాబు వెతకడం మొదలైంది కూడా ఒక గినీ పిగ్‌తోనే కావడం నాకు ముచ్చటగా ఉంటుంది. 1780ల మొదట్లో పారిస్‌లో శాస్త్రవేత్తలు లవోయిజే, లాప్లాస్ ఒక గినీ పిగ్‌ని మంచు నింపిన పాత్ర మధ్య గూట్లో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. ఊపిరి పీల్చడం కూడా నెమ్మదిగా జరిగే ఒక దహనమేనని అలా చూపించారు. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త మరో ముక్క చేర్చాడు: జంతువు చిన్నదయ్యే కొద్దీ కిలోకి ఖర్చయ్యే శక్తి ఏ లెక్కన పెరుగుతుందో తేల్చాడు. శక్తి మాత్రమే కాదు, చాలా మందులు కూడా చిన్న ఒంట్లో త్వరగా ఖర్చయిపోతాయి. కొత్త మందుల్ని మొదటిసారి మనుషుల మీద పరీక్షించే ముందు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాడే పట్టికలో గినీ పిగ్‌కి ఇచ్చిన అంకె 4.6. అంటే గినీ పిగ్‌కి కిలోకి ఇంత అని హాని చేయకుండా ఇవ్వగలిగిన మోతాదుని 4.6తో భాగిస్తే మనిషికి కిలోకి ఎంతో ఒక అంచనా వస్తుంది. అంచనాయే. ప్రతి మందుకీ కాలేయంలో దాని దారి దానిదే కాబట్టి చివరికి ఆ మందుని ఆ జంతువులోనే చూడాలి.

మెటాకామ్ కాగితం రాసినవాళ్ళు చేసింది అదే. సుతిమెత్తని భాగాల ఆపరేషన్‌కి, అంటే మగ గినీ పిగ్‌కి వృషణాలు తీసేయడం లాంటిదానికి, మొదటి రోజు ఆపరేషన్‌కి ముందే కిలోకి 0.2 మిల్లీగ్రాములు ఇవ్వాలి. రెండో రోజూ మూడో రోజూ 24 గంటలకొకసారి కిలోకి 0.1 మిల్లీగ్రాము. అవసరమనిపిస్తే డాక్టరు తన విచక్షణ మేరకు 0.5 దాకా పెంచవచ్చు. ఆ తర్వాత వచ్చే వాక్యం నాకు మరీ నచ్చింది: 0.6కి మించిన డోసు గినీ పిగ్‌లలో ఎంత క్షేమమో పరిశీలించలేదు. తెలిసినది ఎక్కడిదాకానో అక్కడ గీత గీసి ఆగిపోయారు. "అధిక మోతాదు ప్రమాదకరం" అని గుండుగుత్తగా రాసి చేతులు దులుపుకోవచ్చు, చాలా కాగితాల్లో జరిగేది అదే. వీళ్ళు అంకె చెప్పారు.

నొప్పి మొదలవక ముందే మందు పడాలన్న ఏర్పాటు కూడా గమనించండి. కత్తి పడ్డాక నరాల్లో నొప్పి రాజుకుంటుంది. రాజుకున్నాక తగ్గించాలంటే ఎక్కువ మందు కావాలి. ముందే ఇస్తే ఆ అవసరం తగ్గుతుంది.

ఇప్పుడు 850 గ్రాముల గినీ పిగ్‌ని తీసుకుందాం. 0.85ని 0.2తో గుణిస్తే 0.17 మిల్లీగ్రాము. సీసాలో ఒక మిల్లీలీటరుకి ఉన్నది 0.5 మిల్లీగ్రాము. కాబట్టి పోయాల్సింది 0.34 మిల్లీలీటరు. మర్నాడు అందులో సగం, 0.17. ఒక మిల్లీలీటరు సిరంజిని వెలుగులో పెట్టి చూస్తే దాని మీద నూరు సన్నటి గీతలు ఉంటాయి, గీతకి 0.01 చొప్పున. మర్నాటి డోసు పదిహేడో గీత దగ్గర ఉంది. ఒక గీత అటో ఇటో అయితే తేడా నూటికి ఆరు పాళ్ళు, అంత వరకు పరవాలేదు. అదే మందుని పెద్ద సిరంజిలో తీస్తే పిస్టన్ మొదటి గీత కూడా చేరదు. అందుకే ఆ కాగితం సిరంజి ఏదో కూడా చెబుతుంది: ఒక మిల్లీలీటరుది, 0.01 చొప్పున గీతలున్నది. సీసాతో పాటు వచ్చే పిల్లి సిరంజిని గినీ పిగ్‌కి వాడకండి అని విడిగా హెచ్చరిస్తుంది. ఆ సిరంజి మీద ఉన్నవి కిలోల గీతలు, పిల్లికి రోజూ ఇచ్చే, కిలోకి 0.05 మిల్లీగ్రాముల లెక్కకి సరిపడా గీసినవి.

ఇక్కడే నేను ఆ కాగితంలో అన్నిటికన్నా గొప్పదనుకునే వాక్యం వస్తుంది. ఒక చిన్న పాత్ర తీసుకోండి, ఉదాహరణకి టీ చెంచా. అందులోకి కావలసిన దానికంటే కొన్ని చుక్కలు ఎక్కువే వంచండి. అందులోంచి సిరంజితో తీయండి. తర్వాత ఆ చెంచాని నీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

ఇందులో ఎంత ఆలోచన ఉందో చూడండి. సీసా మూతి చుక్కలు పడడానికి చేసింది, పిల్లి సిరంజి అక్కడ సరిగ్గా అమరుతుంది. మందుల షాపులో దొరికే మామూలు సిరంజి అక్కడ అమరుతుందన్న నమ్మకం లేదు. అమరకపోతే ఇంట్లో మనిషి ఏం చేస్తాడు? మూత ఊడదీస్తాడు, సూది గుచ్చుతాడు, లేదా చుక్కలు లెక్కపెట్టి సరిపెడతాడు. ఈ అవస్థని ముందే ఊహించి వంటింట్లో ఉండే చెంచాతో తీర్చారు. చుక్కలు కొన్ని ఎక్కువ వంచమనడం ఎందుకంటే, సరిగ్గా కావలసినంతే వంచితే అడుగున ఉన్నది తీసేటప్పుడు గాలి కూడా లోపలికి పోతుంది. 0.17 కొలతలో 0.02 గాలిబుడగ ఉంటే డోసులో దాదాపు ఎనిమిదో వంతు గాలే. ఇక చెంచా కడగమనడం, నిన్నటి అడుగు మందు ఇవాళ్టి లెక్కలో కలవకుండా. పెద్ద ప్రయోగశాలల్లో తేల్చిన అంకె ఒక ఇంటి చెంచాలో చెడిపోకూడదని పడ్డ తపన ఇది.

సీసాని బాగా కలపమనడం కూడా మామూలు మాట కాదు. మెలాక్సికామ్ నీళ్ళలో సరిగా కరగదు, సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. కలపకుండా వాడితే మొదటి రోజుల్లో పలచగా, సీసా అడుక్కి వచ్చేసరికి చిక్కగా పడుతుంది. అయితే విసురుగా ఊపితే నురగ వస్తుంది, నురగ అంటే మళ్ళీ గాలి. సీసాని నెమ్మదిగా తలకిందులు చేసి మళ్ళీ నిలబెడుతూ కలపడం మేలు.

మందు పట్టడంలో కూడా ఒళ్ళెరిగిన తెలివి కావాలి. గినీ పిగ్ ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ జాగా ఉంటుంది. సిరంజి మొన పక్కనుంచి అక్కడికి పోవాలి. లోపల మెత్తటి అంగుడు నాలుక మొదలుతో కలిసిపోయి, గొంతులోకి సన్నటి రంధ్రం మాత్రమే మిగులుతుంది. అందుకని ఒక్కసారిగా తోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తువ్వాలులో చుట్టి, తల వెనక్కి వంచకుండా, కొంచెం కొంచెంగా తోస్తూ అది నమిలి మింగేదాకా ఆగాలి.

ఇంత జాగ్రత్తా ఒక చిన్న పొరపాటుతో వృథా కావచ్చు. కుక్కలకి అమ్మే మెటాకామ్‌లో ఒక రకంలో మిల్లీలీటరుకి 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది. సరిగ్గా మూడు రెట్లు. 0.34 అని గుర్తుపెట్టుకుని ఆ సీసాలోంచి తీస్తే 850 గ్రాముల ప్రాణికి పడేది కిలోకి 0.6. అంటే కాగితం గీసిన హద్దు మీదికే వెళ్ళి నిలబడ్డట్టు. డాక్టరు మోతాదు పెంచి రాసిన రోజున ఇదే తప్పు జరిగితే ఆ హద్దు ఎప్పుడో దాటిపోతాం.

మన దగ్గర పరిస్థితి వేరు. మెలాక్సికామ్ మనకి కొత్త కాదు. రాబందుల్ని చంపుతున్న డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకుండా 2006లో కేంద్రం ఆపినప్పుడు, రాబందులకి హాని చేయదని తేలి దాని స్థానంలోకి వచ్చింది ఇదే. కాకపోతే పశువుల మందు ఆవు కొలతలో తయారవుతుంది. మనుషుల మాత్రలు 7.5, 15 మిల్లీగ్రాములవి. 7.5 మాత్రని నలభై నాలుగు ముక్కలు చేస్తే గానీ మన గినీ పిగ్‌కి మొదటి రోజు డోసు రాదు. మాత్రని నూరి నీళ్ళలో కలిపి అందాజుగా పట్టడం కుదరదు, ఆ రేణువులు నిమిషంలో అడుక్కి దిగిపోతాయి. పలచగా కలపడం మందు తయారీ తెలిసినవాళ్ళు చేయాల్సిన పని.

ఇంకో చిక్కు మన ఇళ్ళలోనే ఉంది. షుగర్ ఉన్న ఇంట్లో ఇన్సులిన్ సిరంజి ఉంటుంది, సన్నగా ఉంటుంది కాబట్టి దాన్నే తీస్తారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఎర్ర మూత సిరంజిలో నలభై యూనిట్లు ఒక మిల్లీలీటరు. నారింజ రంగు మూతదానిలో వంద యూనిట్లు ఒక మిల్లీలీటరు. నారింజ మూతదాంట్లో 17 అంటే 0.17 మిల్లీలీటరే. ఎర్ర మూతదాంట్లో 17 దాకా తీస్తే 0.425, అంటే రెండున్నర రెట్లు. దానికి అతికించి ఉండే సూది ప్రమాదం వేరే. ఆ సిరంజి జోలికి పోకుండా సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి అడిగి కొనుక్కోవడమే మంచిది.

డోసు సరిగ్గా పడిందో లేదో చెప్పేది వంటింటి తూకం మిషను. రోజూ ఒకే వేళకి గిన్నెలో కూర్చోబెట్టి గ్రాముల్లో తూచాలి. బాధ దాచుకోగలదు గానీ బరువు దాచుకోలేదు. ఎండుగడ్డి తరుగుతోందా, పెంటికలు మునుపటంత పెద్దవిగా పడుతున్నాయా, కొత్తిమీర ఆకు చూపిస్తే లేచి వస్తోందా, ఇవి చూసి చీటీ మీద రాసి డాక్టరుకి చూపిస్తే పెంచాలో ఆపాలో ఆయన తేల్చగలడు. నొప్పి పెద్దదైతే ఓపియాయిడ్ జాతి మందు కలుపుతారు. అది పేగుని కొంత నెమ్మదింపజేస్తుంది, నొప్పి కూడా అదే చేస్తుంది, రెంటిలో ఏది ఎక్కువ చేస్తోందో చూసి నిర్ణయించడమే అనుభవం. ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ నడుస్తుంటే మెలాక్సికామ్ కలపరు, ఒంట్లో నీరు తగ్గి ఉంటే ముందు నీరు ఎక్కిస్తారు. కీళ్ళు పట్టేసి కదలని గినీ పిగ్‌కి కావలసింది ఒక్కోసారి విటమిన్ సి. మనలాగే అది విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిచ్ అనే శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లలో స్కర్వీని, అంటే విటమిన్ సి కొరతతో వచ్చే జబ్బుని, గమనించింది ఆ లోపం వల్లే. అలాంటి నొప్పికి ఎంత మెలాక్సికామ్ పోసినా మూలం అలాగే ఉంటుంది.

మంచి వెటర్నరీ డాక్టరు రాసే చీటీ ఆ కాగితానికి తగ్గట్టే ఉంటుంది: "బరువు 850 గ్రా., మెలాక్సికామ్ 0.5 మి.గ్రా./మి.లీ., 0.17 మి.లీ., నోటి ద్వారా, 24 గంటలకొకసారి, రెండు రోజులు." ఇందులో మందు చిక్కదనం రాయకుండా "0.17 మి.లీ." అని మాత్రమే ఉంటే, షాపులో ఉన్న సీసా తీసుకోకుండా మళ్ళీ ఆ డాక్టరుకే ఫోన్ చేసి అడగండి.