మైలారదేవుని కథలు - మల్లారి మాహాత్మ్యము

కొమురవెల్లి, అయినవోలు క్షేత్రములయందు మల్లన్న యనియు, కర్ణాటమున మైలారుడనియు, మహారాష్ట్రమున జేజూరియందు ఖండోబా యనియు పూజింపబడు దేవుని గూర్చి రెండు తెఱగుల కథలు వ్యాప్తిలో నున్నవి. అందొకటి సంస్కృత మల్లారి మాహాత్మ్యము. మణిమల్లులను రక్కసులు ఋషులను బాధింపగా శివుడు మార్తాండభైరవుడై వారిని గూల్చెననుట దాని సారము. రెండవది ఒగ్గువారు డమరుకము మ్రోయించుచు పాడు కథ. స్వామి బలిజ మేడలమ్మను, గొల్ల కేతమ్మను చేపట్టుట యిందలి జీవము.

మాహాత్మ్యమే మూలమనియు, ఒగ్గుకథ దానికి వికృతి యనియు తలచువారు కలరు. ఈ వాదము పేరు దగ్గఱనే తడబడుచున్నది. మల్లారి యనగా మల్లుని శత్రువు. మల్లుడు రక్కసుడే యైనచో భక్తులు స్వామిని మల్లన్న యని యేల పిలుతురు? మురారిని మురన్న యన్నవారు లేరు గదా! మల్లికార్జున నామమే మల్లన్న యయ్యెనన్నచో చిక్కు లేదు; కాని యప్పుడు మల్లాసురునితో పనియే లేదు.

కాలము చూచినను ఇంతే. మాహాత్మ్యము 1460-1510 నడుమ పుట్టియుండునని ఖండోబా సంప్రదాయమును శోధించిన జర్మను పండితుడు సొంథైమరు ఊహించెను. మైలార నామమో, 12వ శతాబ్ది నాటికే కన్నడ శాసనములకెక్కినది. 15వ శతాబ్ది తొలినాళ్లదిగా నెన్నబడు క్రీడాభిరామము ఓరుగంటి మైలారదేవుని గుడిని, అచ్చటి వీరభటుల సాహసములను, గొరగపడుచు నాట్యమును వర్ణించుచున్నది. గొరవలు నేటికిని కన్నడదేశమున మైలారుని భక్తులే. కావున దేశి నామమునకు సంస్కృతార్థము కూర్పబూని మల్లారి యని రనుటయే యుక్తము. అర్థము కుదిరిన పిదప శత్రువొకడు కావలసివచ్చెను.

ఒగ్గుకథ గాయకుని బట్టి మాఱును. దానిని చరిత్రగా గొనరాదు. అయినను దాని నడిమి దూలము చలింపదు. జేజూరిలో మ్హాళసా లింగాయత వణిజుని కూతురు, బాణాయి గొఱ్ఱెల కాపరులైన ధనగరుల పడుచు. తెలంగాణమున బలిజ, గొల్ల. కన్నడసీమ మైలారమునను కురుబ సతి కలదు. మూడు భాషల జనులు వేర్వేరుగా అల్లిన కథ యిట్లు పొసగదు. అంగడికిని పచ్చికబీళ్లకును నడుమ తిరుగాడిన జనులు తమ దేవునికి ఇరుదెసల నుండియు పెండ్లి సంబంధము కలిపిరి.

కొమురవెల్లిలో పుట్టమన్నుతో చేసిన మూలమూర్తికి ఇరువంకల నున్నది మణిమల్లులు కారు, మేడలమ్మ కేతమ్మలు. రంగుపొడులతో పట్నము తీర్చి, ఒగ్గు పూజారులు జరుపునది స్వామి కల్యాణము.