రేవుల లెక్క కాదు, పగళ్ల లెక్క

ప్రయాణాన్ని చూసిన ఊళ్ల లెక్కతో తూచడం మనకు యాత్రా బస్సులు నేర్పిన అలవాటు. కరపత్రంలో క్షేత్రాల జాబితా ఎంత పొడుగైతే టికెట్టు అంత గిట్టుబాటు అనుకుంటాం. కామారెడ్డి నుంచో ఎల్లారెడ్డి నుంచో మధ్యధరా సముద్రంలో క్రూజ్‌కు వెళ్లాలనుకునే దంపతుల ముందుకూ అదే కొలబద్ద వస్తుంది: ఏడు రోజులు, ఐదు రేవులు, మూడు దేశాలు. ఈ కొలత అక్కడ పనికిరాదు. జాబితాలో రోమ్ అని ఉంటుంది, ఓడ ఆగేది చివితావెక్కియాలో. అక్కడి నుంచి రోమ్‌కు 70 కిలోమీటర్ల పైమాటే, అంటే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి ఉన్న దూరం కన్నా ఎక్కువ. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో రేవు. 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను వెనిస్ నగరం నడిమి కాలువలోకి రానివ్వడం లేదు. పొద్దున ఆగిన ఓడ సాధారణంగా సాయంత్రానికి లంగరెత్తుతుంది. రానూపోనూ బస్సుకే రెండు మూడు గంటలు పోతే రోమ్‌లో మిగిలేది ఒక పూట.

మరి డబ్బు కడుతున్నది దేనికి? ధరల పట్టికలోనే జవాబుంది. గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీదే తలసరి ధర వేస్తారు. ఒక్కరే వెళ్తే చాలా కంపెనీలు రెండో మనిషి వాటా కూడా అడుగుతాయి. కిటికీ లేని గదికి ఒక రేటు, బాల్కనీ గదికి ఇంకో రేటు. అమ్ముతున్నది ఊళ్లను కాదు, ఇద్దరికి ఒక గదిని, వేళకు వడ్డించిన అన్నాన్ని, తీరికను. నీళ్ల పక్కన తీరికే కావాలంటే 1931లో మంజీర మీద పూర్తయిన నిజాంసాగర్ లేదా, ఎల్లారెడ్డి వాళ్లకు పోచారం జలాశయం లేదా అని అడగవచ్చు. నీళ్లకైతే అవి చాలు. కానీ కట్ట మీద కూర్చున్న గంటకే ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, పొద్దు వాలకముందే వంట గుర్తొస్తుంది. ఓడలో ఆమెకు పొయ్యి లేదు, ఆయనకు పొలం లేదు, కొట్టు లేదు.

ఇది కలిగినవాళ్ల విలాసమనే మాట కాదనలేనిది. ఓడల పొగ కూడా నిజమే. అందుకే 2025 మే నుంచి ఆ సముద్రంలో ఇంధనంలోని గంధకం 0.1 శాతం దాటకూడదన్న నిబంధన వచ్చింది. కానీ కామారెడ్డి జిల్లాలో ఎందరో మగవాళ్లు గల్ఫ్‌కు వెళ్లి, ఆలుమగలు ఏళ్లకేళ్లు చెరో దేశంలో గడిపారు. ఇద్దరూ ఒకచోట తీరికగా కూర్చోవడం ఎంత ఖరీదైన సంగతో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి క్రూజ్ కరపత్రం చేతికొస్తే రేవుల వరుస పక్కన పెట్టి, ఎక్కడా ఆగకుండా ఓడ నడిచే పగళ్లు ఎన్నో అడగండి. ఒక్కటీ లేకుంటే ఆ డబ్బుతో యూరప్‌లో రైలెక్కండి, ఊళ్లు నింపాదిగా చూడవచ్చు. అంత డబ్బు లేకుంటే నిజాంసాగర్‌కే వెళ్లండి. ఆ రోజు మాత్రం ఇంట్లో పొయ్యి వెలిగించకండి.