కాగి వెలిగే మాట

కెలొరెసెన్స్. పలికితే నాలుక మీద మెత్తగా జారిపోయే ఈ మాట ఇప్పుడు పాత శాస్త్రగ్రంథాల్లో, నిఘంటువుల్లో తప్ప పెద్దగా కనిపించదు. కంటికి కనబడని వేడి కిరణాలు ఒక వస్తువు మీద పడి, దాన్ని కాల్చి, వెలిగించడం అని దీనికి అర్థం. 1860ల నడుమ దీన్ని పుట్టించినవాడు జాన్ టిండాల్. ఐర్లండ్‌లో పుట్టి, లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పాఠాలు చెప్పిన భౌతికశాస్త్రవేత్త.

మాట రుచి తెలియాలంటే ముందు ఆ ప్రయోగాన్ని చూడాలి. ఎరుపు రంగు దాటాక, వెలుగే లేని చోట కూడా థర్మామీటరు పైకెక్కుతుందని 1800లోనే విలియం హెర్షెల్ కనిపెట్టాడు. ఆ చీకటి కిరణాలను టిండాల్ విడదీశాడు. విద్యుద్దీపం కాంతికి అడ్డంగా, కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించిన అయొడిన్‌ను నిలిపాడు. ఆ నల్లటి ద్రావణం వెలుగును పిసరంత కూడా పోనివ్వదు, వేడిని మాత్రం దాదాపు ఆపదు. అవతల కిరణాలన్నీ ఒక్కచోట కూడుతున్నాయి, కానీ అక్కడ చూడబోతే ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట పలచటి ప్లాటినం రేకు పట్టాడు. రేకు ఎర్రబడింది, ఆపైన తెల్లగా కణకణలాడింది. దాని వెలుగును పట్టకంలోంచి పంపితే ఎరుపు మొదలు ఊదా దాకా రంగులన్నీ విచ్చుకున్నాయి.

కమ్మరి కొలిమిలో ఇనుము ఎర్రబడితే మనకు వింత కాదు, నిప్పు కళ్ళెదుటే ఉంటుంది. ఇక్కడ నిప్పు లేదు, మంట లేదు, చీకటే రేకును వెలిగించింది. అంతకన్నా ఒళ్ళు గగుర్పొడిచే సంగతి ఇంకొకటి ఉంది. మరెవరూ చేయకూడని సాహసం చేసి, టిండాల్ అదే చోట తన కన్ను పెట్టి చూశాడు. వెలుగు జాడ కూడా తెలియలేదు. కన్ను తీసి అక్కడే రేకు పెడితే అది ఎర్రగా కాలింది.

ఇక మాట దగ్గరకు వద్దాం. లాటిన్‌లో కలోర్ అంటే వేడి. తిండి దగ్గర మనం లెక్కపెట్టుకునే కేలరీ కూడా ఆ ఇంటి బిడ్డే. చివరి ఎసెన్స్ అనేది ఒక స్థితిలోకి అప్పుడప్పుడే అడుగుపెట్టడాన్ని చెప్పే ప్రత్యయం. దానికి నమూనా ఫ్లోరెసెన్స్. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీద 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త కట్టిన మాట అది. కనబడని అతినీలలోహిత కిరణం ఒక మెట్టు దిగి, కనబడే రంగుగా మారడం ఫ్లోరెసెన్స్. ఎరుపుకు దిగువనున్న కిరణం పైకెక్కి వెలుగు కావడం కెలొరెసెన్స్. అవరోహణకు స్టోక్స్ పేరు పెడితే, ఆరోహణకు టిండాల్ పెట్టాడు.

వ్యాకర్త దీనికి వంక పెట్టగలడు. వేడెక్కడం అనే క్రియ లాటిన్‌లో ముందే ఉన్నా మాటను దాని మీద కట్టలేదు, పైగా ఈ మాటలో వెలుగన్నదే లేదు. నాకు మాత్రం అందం అక్కడే ఉంది. వేడి వాచ్యం, అంటే పైకి చెప్పినది; వెలుగు వ్యంగ్యం, అంటే చెప్పకుండా సూచించినది. అలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నది ఇలాంటి చోటనే కదా! ప్రయోగంలో వెలుగు ఎలా దాగి ఉందో, మాటలోనూ అలాగే దాగి ఉంది.

శాస్త్రం ఈ మాటను పక్కన పెట్టడానికి కారణం లేకపోలేదు. ఎలా కాగినా సరే, ఘనపదార్థాలు సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర మసక ఎరుపుతో వెలగడం మొదలుపెడతాయని డ్రేపర్ అనే శాస్త్రవేత్త 1847లోనే చూపాడు. వేడి ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టి ఆ వెలుగుకు వేరే పేరు అక్కర్లేదు.

కానీ రసదృష్టికి ఆ దారే ముఖ్యం. కిరణంలో లేని వెలుగు, కాలడానికి ఒప్పుకున్న రేకులో పుట్టింది. అదే చోట నిలిచిన కన్ను ఊరికే చూసింది కనుక దానికి చీకటే మిగిలింది. కావ్యం ముందు సహృదయుడైన పాఠకుడు కన్నులా కాక రేకులా నిలుస్తాడు.

మన భాషకు ఈ సంగతి కొత్త కాదు. పాలు కాస్తాం, చలి కాచుకుంటాం. ఎండ కాస్తుంది, చల్లటి వెన్నెలా కాస్తుంది. వేడినీ వెలుగునూ ఒకే ధాతువులో దాచుకున్నవాళ్ళం, కెలొరెసెన్స్‌కు సంస్కృత సమాసం ఎందుకు వెతుక్కోవాలి? నేనైతే కాగువెలుగు అంటాను.