ముక్కలు ఎవరివి, కూర్పు ఎవరిది

2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు ముంబయి ఇండియన్స్ మీద 3 వికెట్లకు 277 పరుగులు చేసింది. ఆ పక్కనే ఉన్న నాచారంలో నందమూరి తారకరామారావు నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియో ఉంది. ఆ సంస్థ పేరు మీదే 1977 సంక్రాంతికి ‘దానవీరశూరకర్ణ’ విడుదలైంది. తెలుగులో కంపైలేషన్ వీడియోలు చేసేవాళ్లకు ముడిసరుకు ప్రధానంగా ఈ రెండే: క్రికెట్, సినిమా. సిక్సర్లన్నీ ఒక చోట, డైలాగులన్నీ ఒక చోట, నవ్వించే సీన్లన్నీ ఒక చోట. ఫోన్లో ఎడిటింగ్ యాప్ ఉన్న ఏ కుర్రాడైనా ఒక సాయంత్రంలో ఇలాంటి వీడియో తయారుచేసి యూట్యూబ్‌లో పెట్టగలడు. పెట్టిన కాసేపటికే ఆ ముక్క మాదంటూ హక్కుదారు క్లెయిమ్ వస్తుంది, లేదా వీడియో తొలగించి స్ట్రైక్ వేస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు ప్రశ్న: కాపీరైట్ గొడవ లేకుండా ఈ పనితో సంపాదించవచ్చా? సంపాదించవచ్చనే నా వాదన. అయితే డబ్బు వచ్చేది క్లిప్పుల వల్ల కాదు. ఏరినవాడి విచక్షణ వల్ల, అతను కలిపిన మాట వల్ల. చట్టం నుంచి కాపాడేదీ అదే.

కంపైలేషన్ అంటే అడ్డదారి పని అన్న చిన్నచూపు మనలో చాలామందికి ఉంది. తెలుగు సాహిత్య చరిత్ర కాస్త తెలిసినవాళ్లకైనా అది ఉండకూడదు. 15వ శతాబ్దికి చెందిన మడికి సింగన తనకు ముందున్న కవుల గ్రంథాల్లోంచి నీతిపద్యాలు ఏరి, విషయాల వారీగా అమర్చి ‘సకలనీతిసమ్మతము’ కూర్చాడు. ఏ పద్యం ఏ గ్రంథంలోదో చెప్పాడు. అలా చెప్పబట్టే, మూలం దొరకకుండా పోయిన కొన్ని గ్రంథాల పేర్లూ పద్యాలూ ఇవాళ మనకు మిగిలాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి ‘చాటుపద్య మణిమంజరి’లో చెల్లాచెదురుగా ఉన్న చాటువుల్ని పోగుచేసి అచ్చుకెక్కించారు. ఆకాశవాణి వాళ్లు సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి, కళ్లతో చూడాల్సిన కథను చెవులతోనే అర్థమయ్యేలా చేసి ‘సంక్షిప్త శబ్దచిత్రం’గా వినిపించారు. దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి, దేని తర్వాత ఏది రావాలి అన్న నిర్ణయాలే వీళ్ల పనికి విలువ తెచ్చాయి. మూలం పేరు చెప్పడం ఈ సంప్రదాయంలో మర్యాద మాత్రమే కాదు, పనిలో భాగం. యూట్యూబ్ టైమ్‌లైన్ మీద కూర్చున్నవాడు ఈ వరసలో చివరివాడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఏరి కూర్చడంలో విలువ ఉందని మన సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో 2007 డిసెంబరులో వచ్చిన తీర్పు సరిగ్గా సంకలనాల గురించే. న్యాయస్థానాల తీర్పుల పాఠం అందరిదీ, దాని మీద ప్రచురణకర్తకు హక్కు లేదని కోర్టు చెప్పింది. కామాలు సరిచేయడం, అక్షరదోషాలు దిద్దడం లాంటి పనుల వల్లా కొత్త హక్కు పుట్టదంది. తీర్పును పేరాలుగా విడగొట్టి వాటికి సంఖ్యలివ్వడం, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించాడో, ఎవరితో విభేదించాడో గుర్తించి చూపడం లాంటివాటికి మాత్రం నైపుణ్యం, విచక్షణ కావాలి కాబట్టి రక్షణ ఉందని తేల్చింది. శ్రమపడ్డాను కాబట్టి నాదే అంటే చెల్లదు, బుద్ధి పెట్టిన చోటే నీది అని దాని సారం. యూట్యూబ్ మానిటైజేషన్ నియమాలు చదివితే ఇదే ఆలోచన మరో రూపంలో కనిపిస్తుంది. పూర్తిస్థాయి ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలన్నది అందరికీ తెలుసు. పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో 55 శాతం వీడియో చేసినవాడికి ఇస్తారన్నదీ తెలుసు. చాలామంది చదవనిది ‘రీయూజ్డ్ కంటెంట్’ నియమం. అది కాపీరైట్‌కు సంబంధం లేని వేరే తనిఖీ. క్లిప్పు యజమాని నుంచి అనుమతి తెచ్చుకున్నా, ఒక్క క్లెయిమ్ కూడా లేకున్నా, సొంతంగా కలిపింది ఏమీ లేకపోతే ఛానల్‌కు మానిటైజేషన్ ఇవ్వరు. అంటే చట్టమూ కంపెనీ నియమమూ రెండూ అడిగేది ఒకటే: ఇందులో నువ్వు చేసిందేమిటి?

ఇక్కడ కొన్ని నమ్మకాల్ని గట్టిగా తోసిపుచ్చాలి. పది సెకన్లలోపు వాడితే ఫర్వాలేదన్న నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. బొమ్మను అద్దంలోలా తిప్పేయడం, గొంతు స్థాయి మార్చడం, చుట్టూ రంగు ఫ్రేమ్ పెట్టడం, పోలికలు పట్టే యూట్యూబ్ ‘కంటెంట్ ఐడీ’ యంత్రాన్ని కొన్నాళ్లు ఏమార్చవచ్చు గాని హక్కు ఇవ్వవు. పైగా ఎత్తుకొచ్చానన్న సంగతి తెలిసే చేశాడనడానికి అవే సాక్ష్యం. డిస్క్రిప్షన్‌లో క్రెడిట్స్ రాస్తే లైసెన్సు వచ్చినట్టు కాదు. ‘ఫెయిర్ యూజ్’ అన్నది అమెరికా చట్టంలోని మాట. మన 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో ఉన్నది ‘ఫెయిర్ డీలింగ్’, అదీ కొన్ని ప్రయోజనాలకే: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన ఘటనల వార్తాకథనం. కంపైలేషన్ చేసేవాడికి పనికొచ్చేవి ప్రధానంగా విమర్శ, సమీక్ష, వార్తాకథనం. ఎంత తీసుకున్నాడు, ఎందుకు తీసుకున్నాడు, అసలు రచనకు పోటీగా నిలుస్తుందా అని 1996లో సివిక్ చంద్రన్ కేసులో కేరళ హైకోర్టు చూసింది. అమెరికాలో 2017లో తేలిన హొస్సైన్‌జాదే వర్సెస్ క్లైన్ కేసు కూడా చూడదగ్గది. 5 నిమిషాల 24 సెకన్ల వీడియోలో 3 నిమిషాల 15 సెకన్లు వాడుకున్నా, ప్రతి ముక్క దగ్గరా ఆగి విమర్శించారు కాబట్టి న్యాయమూర్తి దాన్ని ఫెయిర్ యూజ్‌గా ఒప్పుకున్నారు. రియాక్షన్ వీడియోలన్నీ ఇలాంటివి కావని, కొన్ని వ్యాఖ్య లేకుండా నలుగురూ కలిసి చూడడం లాంటివేనని కూడా అన్నారు. సెకన్లు లెక్కపెట్టడం కన్నా ఆ సెకన్లతో ఏం చెప్పావన్నది ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఒక వీడియోను దగ్గరగా చూద్దాం. కృష్ణుడి వేషంలో ఎన్టీ రామారావు ‘మాయాబజార్’ నుంచి ‘దానవీరశూరకర్ణ’ దాకా ఎలా మారారన్నది విషయం అనుకుందాం. రెండు సినిమాల మధ్య ఇరవయ్యేళ్లు. చట్టం దృష్టిలో మాత్రం అంతకన్నా దూరం ఉంది. మన దేశంలో సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు అది 2017 డిసెంబరుతో ముగిసింది. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’కు 2037 చివరి దాకా ఉంది. మొదటిదాన్ని స్వేచ్ఛగా వాడుకోవచ్చని వెంటనే అనిపిస్తుంది, కాని అందులో ఒక మెలిక ఉంది. సినిమా మీద హక్కు వేరు, అందులోని పాట మీద, మాట మీద హక్కు వేరు. రచనకూ సంగీతానికీ రక్షణ కర్త మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. ‘మాయాబజార్’కు మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో, సంగీతం కూర్చిన ఘంటసాల 1974లో పోయారు. కాబట్టి 2031, 2034 దాకా ఆ లెక్క సాగుతుంది. 2010లో విడుదలైన రంగుల ప్రతి మీద కొత్త హక్కు ఉందని ఎవరైనా వాదించవచ్చు, అందుకని నలుపు తెలుపు ప్రతినే తీసుకోవడం మేలు. పాట వినిపించకుండా, బొమ్మ నడుస్తుండగా మన గొంతుతో వేషం గురించి చెప్పుకుపోతే పాట తగాదా అసలు రాదు. ఇక 1977 సినిమా దగ్గర సమీక్ష అన్న ఆధారం మీద నడవాలి. కిరీటం గురించి మాట్లాడుతుంటే కిరీటం కనిపించేంత సేపే క్లిప్పు ఉండాలి. ఫ్రేమ్ ఆపి, చుట్టూ గీత గీసి, 1957 ఫ్రేమ్ పక్కన పెట్టి చూపాలి. చూపులో తేడా, మాట వేగంలో తేడా, కెమెరా నిలబెట్టిన చోటులో తేడా, ఒక్కోదానికి ఒక్కో ముక్క. జనం మళ్లీమళ్లీ వినాలనుకునే ఏదైనా పొడుగాటి డైలాగును మొదటి నుంచి చివరి దాకా పెట్టేస్తే అది సమీక్ష అనిపించుకోదు, సినిమా బదులు వాడుకునే సరుకవుతుంది. అక్కడే ఆగడం తెలిసినవాడు కూర్పరి. ఇలాంటి వీడియోను పదేళ్ల తర్వాత కూడా వెతుక్కుని చూస్తారు. డైలాగుల మూట లాంటి వీడియోలు వందలు ఉన్నాయి, ఒకటి పోతే ఇంకొకటి.

క్రికెట్ దగ్గర నా మాట ఇంకా కటువుగా ఉంటుంది: మ్యాచ్ ఫుటేజీ ముట్టుకోవద్దు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. అంత పెట్టి కొన్నవాళ్లు వదులుకుంటారని ఆశించడం అమాయకత్వం. ప్రసారం మీద హక్కు సెక్షన్ 37 ప్రకారం 25 ఏళ్లు ఉంటుంది. ఆడియన్స్‌లో కూర్చుని ఫోన్‌తో తీసిన దృశ్యానికి కూడా టికెట్ షరతులు అడ్డొస్తాయి. అయితే స్కోరు ఎవరి సొత్తూ కాదు. 2023 జనవరి 18న ఇదే ఉప్పల్‌లో న్యూజిలాండ్ మీద శుభ్‌మన్ గిల్ 149 బంతుల్లో 208 కొట్టాడన్నది వాస్తవం, దాన్ని ఎవరైనా చెప్పుకోవచ్చు. మరుసటి ఏడాది ఇక్కడే ఇంగ్లండ్ బ్యాటర్ ఒలీ పోప్ 196 పరుగులతో టెస్టును తిప్పేశాడు, భారత్ 28 పరుగుల తేడాతో ఓడింది. ఆ తర్వాత రెండు నెలలకే 277. ఈ పిచ్ మీద ఆడిన గొప్ప ఇన్నింగ్స్ ఐదు ఏరి, ఓవర్ల వారీ గ్రాఫులు సొంతంగా గీసి, స్టేడియం మెట్రో స్టేషన్ దగ్గర మ్యాచ్ రోజు జనాన్నీ ఉప్పల్ స్కైవాక్‌నూ సొంత కెమెరాతో తీసి, మంచి గొంతుతో కథ చెబితే ఒక్క సెకను ఫుటేజీ లేకుండానే వీడియో నిలబడుతుంది. ఇది తక్కువ రకం ప్రత్యామ్నాయం కాదు. రేడియో కామెంటరీ విని పెరిగిన తరానికి మాటతో మ్యాచ్ చూపించడం ఎంత బలమైన విద్యో తెలుసు.

మరి బ్యాక్ టు బ్యాక్ కామెడీ సీన్లు గంటలకొద్దీ పెట్టి, లక్షల వ్యూస్ తెచ్చుకుంటున్న ఛానళ్ల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాటిలో పేరున్నవి చాలావరకు సినిమాల వీడియో, డిజిటల్ హక్కులు కొనుక్కున్న సంస్థలవి. వాళ్లు తమ సరుకునే ముక్కలు చేసి అమ్ముకుంటున్నారు. బయటినుంచి చూసేవాడికి వీడియో ఒకేలా కనిపిస్తుంది గాని వెనకున్న కాగితం కనిపించదు. హక్కు లేకుండా నడిచేవీ ఉన్నాయి. కంటెంట్ ఐడీలో యజమాని ‘మానిటైజ్’ అని ఎంచుకుంటే వీడియో బతికే ఉంటుంది, డబ్బు మాత్రం యజమానికి పోతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన సబ్‌స్క్రైబర్లు దాంతోపాటే పోతారు.

లైసెన్సు కొనే స్తోమత లేనివాడికి దారేదన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఈ పని మీద ఆశ పెట్టుకున్నవాళ్లలో చాలామంది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలే. దారులు మాత్రం ఉన్నాయి. 1965లో వచ్చిన ‘తేనె మనసులు’, ‘పాండవ వనవాసము’ సినిమాల కాపీరైట్ గడువు కూడా 2025తో తీరిపోయింది. ఏటా జనవరి 1న మరో ఏడాది సినిమాలు ఆ జాబితాలో చేరుతుంటాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టిన వీడియోల్ని యూట్యూబ్ సెర్చ్ ఫిల్టర్‌లోనే విడిగా చూడొచ్చు. వీధుల్లో శాశ్వతంగా నిలిపిన విగ్రహాల్నీ కళాకృతుల్నీ వీడియోలో చూపేందుకు సెక్షన్ 52 వీలు కల్పించింది. అన్నిటికన్నా మంచిది పక్కవాళ్లను అడగడం. నాచారం పారిశ్రామికవాడలో చేయి తిరిగిన పనివాళ్ల పని తీరు మీదా, ఉప్పల్ చుట్టుపక్కల బోనాల మీదా, వంటల మీదా చిన్న వీడియోలు పెట్టేవాళ్లు దొరుకుతారు. అడిగితే ఇస్తారు. అయితే వాట్సాప్‌లో ‘ఓకే బ్రో’ అన్న మాటతో సరిపెట్టుకోకూడదు. చట్టం ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. రాతలో గడువు చెప్పకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి మాత్రమేననీ సెక్షన్ 19 అనుకుంటుంది. యూట్యూబ్ వీడియోను డల్లాస్‌లో ఉన్న మేనమామ కూడా చూస్తాడు కాబట్టి ‘ప్రపంచమంతటా’ అన్న ఒక్క మాట ఆ కాగితంలో ఉండి తీరాలి. ఏ వీడియో, ఎంత కాలం, ఎక్కడ, ఆదాయంలో వాటా ఎంత అన్నవి అర పేజీలో తెలుగులోనే రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోవచ్చు.

ఇంత జాగ్రత్తగా చేసినా యంత్రం పొరబడుతుందన్నది చివరి అభ్యంతరం. అది నిజం. కంటెంట్ ఐడీకి పోలిక తెలుసు, ప్రయోజనం తెలియదు. సమీక్షనూ దొంగతనాన్నీ ఒకే కంటితో చూస్తుంది. ఆ యంత్రంలో పేరున్న పెద్ద సంస్థకూ ఒంటరిగా వీడియో చేసుకునేవాడికీ మధ్య బలంలో పొంతనే లేదు. 2025 మే నెలలో యూట్యూబర్ మోహక్ మంగల్, ఏఎన్ఐ వార్తాసంస్థ తనకు స్ట్రైకులు వేసి లక్షల రూపాయలు అడిగిందని బహిరంగంగా ఆరోపించాడు. ఏఎన్ఐ అతని మీద ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. కొన్ని సెకన్ల క్లిప్పులకు లక్షల బేరం పెట్టే వీలు ఎవరికీ ఉండకూడదని నేను నమ్ముతాను. విమర్శకు, వార్తకు ఎంత వాడుకోవచ్చో మన చట్టం ఇంకా స్పష్టంగా చెప్పాలి. అంతవరకు చిన్నవాడి చేతిలో ఉన్న ఆయుధం తన రికార్డే. వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడే ఒక పట్టిక రాసుకోవాలి: క్లిప్పు ఎక్కడిది, ఏ ఏడాదిది, హక్కుదారు ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వాడాను, దానితో ఏ మాట చెప్పాను. ఆ చివరి గడి ఖాళీగా మిగిలిన క్లిప్పును అప్పుడే తీసేయాలి. అన్యాయంగా క్లెయిమ్ పడితే 5 రోజుల్లోగా డిస్ప్యూట్ చేయాలి. అలా చేస్తే క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ విడిగా ఉంచుతుంది. అవతలివాళ్లకు జవాబివ్వడానికి 30 రోజులుంటుంది. అదే స్ట్రైక్ అయితే కౌంటర్ నోటిఫికేషన్ ఇవ్వాలి, ఇచ్చాక 10 పనిదినాల్లో వాళ్లు కోర్టుకెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. ఆ ఫారంలో సొంత పేరు, చిరునామా ఇవ్వాలి, అవి అవతలివాళ్లకు చేరతాయి. కోర్టు దాకా వెళ్లే అవకాశం ఉందని తెలిసే సంతకం పెట్టాలి కాబట్టి, ఎడిట్ చేస్తున్నప్పుడు రాసుకున్న ఆ పట్టికను ముందు ఒక న్యాయవాదికి చూపించడం మంచిది.